అడగడం ఆపని రాజు

సోఫోక్లీస్ రాసిన 'ఈడిపస్ రాజు'లో అసలు ఘోరాలు నాటకం మొదలయ్యేసరికే జరిగిపోయి ఉంటాయి. తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం, రెండూ ఏళ్ల కిందటి సంగతులే. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ జనానికి కథ ముందే తెలుసు కూడా. ఇక రంగస్థలం మీద జరగడానికి మిగిలింది విచారణ ఒక్కటే. పాత రాజు లాయస్‌ను చంపినవాణ్ణి వెళ్లగొడితేగానీ థీబ్స్‌కు పట్టిన తెగులు వదలదని దైవవాణి. ఆ హంతకుణ్ణి వెతికే పని ఈడిపస్ నెత్తికెత్తుకుంటాడు.

అతణ్ణి ముంచేది శత్రువులు కాదు, ధైర్యం చెప్పబోయినవాళ్లు. పనితనమంతా అక్కడే ఉంది. జోస్యాలను పట్టించుకోవద్దంటుంది భార్య జొకాస్టా. లాయస్ తన కొడుకు చేతిలో పోతాడన్నారు, తీరా మూడు దారులు కలిసేచోట ఎవరో దొంగలు చంపారు కదా అని ఆమె వాదన. ఈడిపస్ చెవిలో నిలిచింది మాత్రం ఆ మూడు దారుల మాట. తాను ఒక ముసలాయన్ని కొట్టి చంపింది అలాంటి చోటే.

తర్వాత కొరింత్ నుంచి ముసలి వార్తాహరుడు వస్తాడు. ఈడిపస్ తండ్రి అనుకుంటున్న పాలిబస్ రాజు పోయాడు, ఇక జోస్యం చెప్పినట్టు తండ్రిని చంపే ప్రసక్తే లేదు. తల్లిని పెళ్లాడతానన్న మాట ఇంకా భయంగానే ఉందని ఈడిపస్ అంటే, ఆ భయమూ తీర్చేద్దామని గుట్టు విప్పుతాడు: వాళ్లు నీ కన్నవాళ్లు కారు, పసికందుగా నిన్ను ఒక కాపరి చేతుల్లోంచి అందుకున్నది నేనే. వ్యవహారం ఒక్కసారిగా అడ్డం తిరగడానికి అరిస్టాటిల్ ఎత్తి చూపిన ఉదాహరణ ఈ ఘట్టమే.

ఇంతసేపూ జొకాస్టా అక్కడే ఉంటుంది, నోరు మెదపదు. ఆమెకు అర్థమైపోయింది. ఇక అడగొద్దని బతిమాలి లోపలికి వెళ్లిపోతుంది. తాను తక్కువ పుట్టుక పుట్టానని ఆమె సిగ్గుపడుతోందనుకుంటాడు ఈడిపస్!

ఇప్పుడు కాపరి రావాలి. లాయస్ హత్యను చూసి బతికి బయటపడిన ఒకే ఒక్కడు కూడా అతడే. చంపింది ఒక్కడా, పలువురా అని తేల్చుకోవడానికే అతనికి కబురు వెళ్లింది. తీరా వచ్చాక ఆ మాట ఎవరూ అడగరు. లోపమనుకోవచ్చు. నాకైతే అది గడుసుతనమే అనిపిస్తుంది. "నేనెవర్ని?" అన్న ప్రశ్న హత్య కేసును మింగేసింది. చివరికొచ్చేసరికి ఒక్కో పాదాన్నీ ఈడిపస్‌కూ కాపరికీ చెరిసగం పంచుతాడు కవి. ప్రశ్న సగం, జవాబు సగం, మధ్యలో ఊపిరి తీసుకునే సందుండదు.

గ్రీకు నాటకంలో మాట్లాడే నటులు ముగ్గురే, ముఖాలకు తొడుగులు మార్చుకుని అన్ని పాత్రలూ వాళ్లే వేయాలి. ఈ ఘట్టంలో ఈడిపస్, కొరింత్ ముసలాయన ఇద్దరూ రంగస్థలం మీదే ఉన్నారు. కాబట్టి కాపరిగా రావలసింది అప్పుడే లోపలికి వెళ్లిన జొకాస్టా వేషధారే. బిడ్డను చంపమని తెచ్చిచ్చింది తల్లేనన్న మాట ఆ గొంతులోంచే వస్తుంది. ఈ నాటకానికి పోటీలో రెండో బహుమతే దక్కిందట. ఆ న్యాయనిర్ణేతలు ఏం విన్నారో!

అహంకారమే ఈడిపస్ కొంప ముంచిందని చెప్పేస్తుంటారు. కోపిష్టి, నిజమే. గుడ్డి జ్ఞాని టైరీసియస్ మీదా, బావమరిది క్రియోన్ మీదా విరుచుకుపడతాడు. కానీ అతణ్ణి గుట్టు దాకా లాక్కెళ్లింది కోపం కాదు. స్ఫింక్స్ పొడుపుకథ విప్పి ఊరిని కాపాడిన బుద్ధే, తెలిసేదాకా వదలని బుద్ధే. టైరీసియస్, జొకాస్టా, కాపరి ముగ్గురూ ఆపబోయారు. ఆగి ఉంటే బతికిపోయేవాడేమో, ఊరు మాత్రం తెగులుతో పోయేది.

కళ్లు పొడుచుకుని బయటికొచ్చాక కూడా ఆ మనిషి మారలేదు. నన్ను ఊళ్లోంచి వెళ్లగొట్టు, చనిపోయిన జొకాస్టాకు అంత్యక్రియలు జరిపించు, నా ఆడపిల్లల్ని చూసుకో అని క్రియోన్‌కు వరుసగా పనులు పురమాయిస్తూనే ఉంటాడు. అన్నీ నీ మాట ప్రకారమే జరగాలనుకోవద్దని క్రియోన్ మందలించవలసి వస్తుంది.