దిగుబడి గడిలో పట్టని చేను

పీజీలో పరిశోధన పద్ధతులు చెప్పే మాలాంటి వాళ్లకు ఇప్పుడు కొత్త పని పడింది. సిలబస్‌లో ‘సుస్థిరత’ చేర్చాలట. చాలాచోట్ల దాన్ని చివరి యూనిట్‌గా తగిలిస్తున్నారు. 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదిక, 2015 నాటి ఐరాస 17 లక్ష్యాలు, ఒక పది మార్కుల ప్రశ్న. నాకది రుచించదు. ప్రశ్నావళి రాసే మొదటి వారంలోనే సుస్థిరత సంగతి తేలిపోతుంది.

మెదక్‌లో ఉంటూ ఇందుకు ఉదాహరణ వెతుక్కోవడం కష్టమేమీ కాదు. 2016 దాకా మన జిల్లాలోనే ఉన్న జహీరాబాద్ పల్లెల్లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ల చేలు చూడండి. పచ్చజొన్న సాళ్ల మధ్య కంది, అనుములు, పెసర, కొర్ర అన్నీ కలిసే పెరుగుతాయి. మన విద్యార్థి చేతిలోని ఫారంలో ‘ప్రధాన పంట, ఎకరాకు క్వింటాళ్లు’ అని ఒక్కటే గడి. అందులో జొన్న దిగుబడి రాసుకుని వస్తాడు. దానంతటదే మొలిచే తుమ్మికూర, పొన్నగంటి, పశువుల మేత, బూడిద కలిపి దాచిన విత్తనం, ఏదీ లెక్కకెక్కదు. కంప్యూటర్ ఆ చేనుకు ‘తక్కువ దిగుబడి’ అని ముద్ర వేస్తుంది. సగటు, ప్రామాణిక విచలనం మాత్రం తప్పు పట్టలేనంత శుభ్రంగా వస్తాయి!

లెక్క ఎవరు తేల్చాలన్న ప్రశ్న వచ్చినప్పుడు క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది ‘ప్రజాతీర్పు’ దగ్గర. 2001లో జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు, ఎక్కువమంది మహిళలే. వ్యవసాయానికి మూడు భవిష్యత్తులను వీడియోల్లో చూశారు, సాక్షులను ప్రశ్నించారు. సేద్యం మీద బతికేవాళ్లను 70 నుంచి 40 శాతానికి తగ్గిస్తామన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విజన్ 2020 దారి వద్దన్నారు. జన్యుమార్పిడి పంటలూ వద్దన్నారు. నివేదిక బ్రిటన్ చేరాక అక్కడి ప్రభుత్వ సహాయ సంస్థ అభ్యంతరం చెప్పింది: జ్యూరీ ఎంపిక ఎలా జరిగింది, సాక్ష్యాలు ఏపాటివి అని. ఆ ప్రశ్నలను నేను కొట్టిపారేయను. సగం క్లాసును ఆ పక్షాన వాదించమంటాను. మిగతా సగం అడగాల్సింది ఒకటుంది: మెకిన్సీ సలహాతో తయారైన విజన్ 2020ని ఇదే కొలబద్దతో ఎవరు కొలిచారు? దానికోసం ఎంతమంది సన్నకారు రైతుల మాట విన్నారు?

చేనును ఇలా పూర్తిగా కొలవడంలో అసలు చిక్కు కాలంతో. సెమిస్టర్ నాలుగైదు నెలలు, కంది చేతికి రావడానికి దాదాపు ఆరు నెలలు. నేల బాగుపడిందో లేదో తెలియాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని ఒకే చేలను ఒక బ్యాచ్ తర్వాత ఇంకో బ్యాచ్‌కు అప్పగించడం మొదలుపెట్టాం, సీనియర్ల నోట్‌బుక్‌తో సహా. సమర్పించే ముందు ఆ ఫలితాలు రైతుల ముందు తెలుగులో చదివి రావాలన్నది షరతు. “మేత రాసుకోలేదేంది బిడ్డా?” అని అక్కడో అవ్వ అడిగితే పట్టికలో ఇంకో గడి పెరుగుతుంది, సమర్పణ తేదీ జరుగుతుంది, ఆఫీసులో సణుగుడు మొదలవుతుంది. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్లు మాత్రం “ఇందులో నీ సొంత పని ఎంత?” అని విద్యార్థిని నిలదీస్తున్నారు. న్యాయమైన ప్రశ్నే. మార్కులు ఒక్కో విద్యార్థికి విడిగా వేసే నిబంధన ఉన్నంతకాలం దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు.