గోప్యశబ్దవిచారము

నేఁడు వార్తాపత్రికలయందును, న్యాయస్థానముల తీర్పులకుఁ జేయఁబడు ననువాదములయందును "గోప్యత" యనుపదము విరివిగాఁ గానవచ్చుచున్నది. ఆంగ్లేయులు "ప్రైవసీ" యనుదానికి నిది తెలుఁగునఁ బర్యాయముగా స్థిరపడినది. ఆధారు సంఖ్యతోఁ జౌకధరల దుకాణమునకుఁ బోవు కూలివాఁడును, ఫోనునకు వచ్చిన ఓటీపీ యంకెలను బరులకుఁ జెప్పరాదను హెచ్చరిక వినుచున్న వర్తకుఁడును ఈపదముతో సంబంధము గలవారే. అయినను, "దాఁచుకొనఁదగిన తప్పు చేయనివానికి గోప్యతతోఁ బనియేమి?" యను ప్రశ్న విద్యావంతుల నోటను వినవచ్చుచున్నది. పదముయొక్క యర్థము సంకుచితముగా గ్రహింపఁబడుటయే యీప్రశ్నకు మూలము. వికారాబాదు, తాండూరు ప్రాంతముల వ్యవహారమును నిదర్శనముగాఁ గొని యాయర్థమును శోధించుట యావశ్యకము.

పాణినీయ ధాతుపాఠమున "గుప్" ధాతువునకుఁ జెప్పఁబడిన యర్థము రక్షణము. గోప్త యనఁగా రక్షకుఁడు; గుప్తి యనఁగా మొదట కాపుదల, పిదప మఱుఁగుపఱచుట. గోపశబ్దమునుండియే యీధాతువు వెలువడెనని యాధునిక భాషాశాస్త్రజ్ఞుల మతము. ఈమతము సాధువైనచో నర్థము మఱింత విశదమగును. గోపుఁడు గోవును దాఁచువాఁడు కాఁడు, కాచువాఁడు. ఉదయమున నూరివారి పసులను దోలుకొనిపోయి, సాయంకాలమున నెవరి పసులను వారి యింటికిఁ జేర్చుట యాతని ధర్మము. మేఁతకుఁ గొనిపోయిన యావును సంతకుఁ దోలుట కాతని కధికారము లేదు. కావునఁ గాచుట ప్రధానము. దాఁచుట యందొక యుపాయము. నేఁటి వాడుకలో నుపాయమే యర్థమై కూర్చుండి, ప్రధానార్థము మఱవఁబడినది.

ఆధాతువునకే సన్ప్రత్యయము చేరఁగా "జుగుప్స" యేర్పడుచున్నది. కాపుదలయు నేవగింపును ఒకే ధాతువువలనఁ బుట్టుట గమనింపఁదగినది. ఒకని రోగమో, యింటికలహమో, యప్పులపట్టికయో వీథికెక్కినపుడు చూచువారికిఁ గలుగునది సానుభూతికన్న జుగుప్సయే మెండు. మొదటి యర్థము భగ్నమైనచోట రెండవది ప్రవేశించుచున్నది.

పండితులకు సుపరిచితమైన నవగోప్యముల పట్టిక యిచ్చట మిక్కిలి యుపకరించును. వయస్సు, ధనము, ఇంటిలోని లోపము, మంత్రము, దాంపత్యము, మందు, దానము, గౌరవము, అవమానము అను తొమ్మిదియు యత్నపూర్వకముగాఁ గాపాడుకొనఁదగినవని పెద్దలు చెప్పిరి. వీనిలో లోపమనఁదగినవి రెండే: ఇంటికొఱఁతయు, అవమానమును. అవియైనను దాఁచుకొనువాని నేరములు కావు. దానము పుణ్యకార్యము, గౌరవము కోరఁదగినది, మందు పుచ్చుకొనుట వివేకము, వయస్సు ప్రకృతిధర్మము. పాపమును గప్పిపుచ్చుకొనుటకే గోప్యత యనువారికి నీపట్టికయే సమాధానము. ప్రాచీనులు తప్పులను గాక, పరులచేతఁ బడినచో మనుష్యుని వశము తప్పించు విషయములనే గోప్యములుగా నెంచిరి.

ఈతొమ్మిదింటిలో నెన్ని నేఁడు మనుష్యుని చేతిలో నున్నవని విచారింపవలెను. 2014 ఆగస్టు 19వ తేదీని తెలంగాణ ప్రభుత్వము ఒక్కదినములో రాష్ట్రమంతట సమగ్రకుటుంబ సర్వే జరిపించెను. అప్పుడు వికారాబాదును తాండూరును రంగారెడ్డిజిల్లాలోనివి. వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న నేర్పడినది. వయస్సు, కులము, భూమి, వాహనములు, బ్యాంకుఖాతా, దీర్ఘవ్యాధులు మున్నగునవి నాఁటి ప్రశ్నలలో నుండెను. మరల 2024 నవంబరు 6న నారంభమైన యింటింటి సర్వేయందు 75 వివరము లడుగఁబడెను. వయస్సు, విత్తము అను రెండుగోప్యములు రెండుమాఱులు గృహస్థునిచేతనే చెప్పింపఁబడినవి.

అడుగుట తప్పని చెప్పవీలులేదు. పింఛనుగాని, బియ్యముగాని, గృహముగాని యర్హుల కందవలెనన్నఁ బ్రభుత్వమునకు వివరములు కావలయును. ఎవరి సంఖ్యయు లెక్కకు రానిచో బీదవాఁడే ముందుగా నష్టపడును. కాని యడిగినవారికిఁ గాచు బాధ్యతయుఁ గలదు. 2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వఱకు జరిగిన ప్రజాపాలన కార్యక్రమమునఁ గోటికిఁ బైఁగా దరఖాస్తులు చేరెను. ఆజనవరిలోనే వానిలోఁ గొన్ని హైదరాబాదున బాలానగరు వంతెనమీఁదఁ జెల్లాచెదరుగాఁ బడియుండెను. యంత్రమును, అంతర్జాలమును లేకయే, బండిమీఁదినుండి జాఱిన కాగితములే యిన్నియిండ్ల గుట్టు రట్టుచేయఁగలవని దీనివలనఁ దెలియుచున్నది.

వేలిముద్ర విషయ మింతకంటెను విచారకరము. చదువురానివాఁడు దస్తావేజుపై వేయు "నిశానీ" యొకప్పు డాకాగితమున కొక్కదానికే సాక్షి. 2018 జూనున హైదరాబాదు పోలీసులు వెల్లడించిన వ్యవహారమున, పెద్దపల్లి జిల్లావాఁ డొకఁడు రిజిస్ట్రేషనుశాఖ వెబ్‌సైటునుండి దస్తావేజులను దిగుమతిచేసికొని, యందలి వేలిముద్రలను రబ్బరుపై నచ్చొత్తి, వేలకొలఁది సిమ్ముకార్డులకుఁ బరుల పేర జీవము పోసెను. సంతకమును మార్చుకొనవచ్చును, రహస్యసంకేతమును మార్చుకొనవచ్చును. వ్రేలిని మార్చుకొనుట యసాధ్యము. తాండూరు నాపరాతి గనులలోఁ బనిచేయువారివలె చేతులు రాపిడికి గురియగు కూలీలకు నీముద్ర సరిగాఁ బడకపోవుటయుఁ గలదు. ముద్ర యొకచోఁ బరులకు సులభమై, మఱొకచో సొంతదారునకే దుర్లభమగుట యీకాలపు విపర్యాసము.

ఔషధగోప్యమునకు వికారాబాదే తార్కాణము. అనంతగిరిమీఁద నిజాము పాలనాకాలమున క్షయరోగుల చికిత్సాలయము వెలసినది. క్షయ యనఁగనే పెండ్లిసంబంధములు తప్పుటయు, బంధువులు దూరమగుటయు నెఱింగినదే. 2012లో భారతప్రభుత్వము క్షయను వైద్యులు తప్పక తెలుపవలసిన వ్యాధులలోఁ జేర్చెను. రోగులపేళ్లు "నిక్షయ్" అను డిజిటల్ పట్టికకెక్కుచున్నవి. 2018 ఏప్రిలు మొదలు పోషణకై నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు మొదలు 1000 రూపాయలును రోగి ఖాతాలో వేయుచున్నారు. పేరు చెప్పనిచో మందులేదు, సొమ్మును లేదు. ఇచ్చట దాఁచుట రోగికే హాని. కాచుట మాత్రము ప్రాణావసరము. గోప్యమునకు దాఁచుటయే యర్థమైనచో నీరోగికి గోప్యతయే లేదనవలసివచ్చును. కాచుట యర్థమైనచో, పేరు పట్టికకెక్కిన తరువాతనే యాతని గోప్యత యారంభమగుచున్నది.

2021 సెప్టెంబరు 11న వికారాబాదునందే డ్రోనులద్వారా మందులు పంపు ప్రయోగ మారంభింపఁబడెను. ఆకాశమార్గమునఁ బోవు పెట్టె యెల్లరకుఁ గానవచ్చుట తప్పు కాదు. అందున్న మందెవరిదో కానరాకుండవలెను.

తెలుఁగునందు గుట్టు, మఱుఁగు, చాటు, మాటు అను పదములును గలవు. వీనిలో మఱుఁగు, చాటు, మాటు అనునవి స్థలమును సూచించును. గోడయో, తెరయో, చెట్టో యుండవలెను. గుట్టు స్థలముతోఁ బనిలేక మనుష్యునితోనే తిరుగును. ఇంటిగుట్టు లంకకుఁ జేటను సామెతలో గుట్టు వెలువరించినవాఁడు గోడదూఁకిన దొంగ కాఁడు, ఇంటిలోనివాఁడే. తాండూరు బండలతోఁ గట్టిన గోడ యెంత మందమైనను లోపలివాని ఫోనునుండి పోవు వార్తను ఆపఁజాలదు. కావున నీకాలమునకుఁ జాటు చాలదు, గుట్టే కావలసియున్నది.

న్యాయస్థానములును ఈదారినే నడచినవి. ఆంధ్రప్రదేశమున స్టాంపుచట్టమునకు 1986లోఁ జేసిన సవరణవలనఁ గలెక్టరు నియమించిన యెవ్వఁడైనను బ్యాంకులోఁ జొచ్చి ప్రజల పత్రములను శోధించుట కవకాశము కలిగెను. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును జరిగిన వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానము 2004లో దానిని త్రోసిపుచ్చుచు, గోప్యత వ్యక్తికిఁ జెందునది గాని స్థలమునకుఁ జెందునది కాదనియు, బ్యాంకున కప్పగించినంతమాత్రమునఁ బత్రముపైఁ గల హక్కు నశింపదనియుఁ జెప్పెను. దాంపత్యగోప్యమును గూర్చి 1983లోనే ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తి పి. ఏ. చౌదరి గొప్పతీర్పు నొసఁగెను; 1984లో సర్వోన్నతన్యాయస్థానము దాని నంగీకరింపకున్నను దాని విలువ తఱుగలేదు. తుదకు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమునఁ దొమ్మిదిమంది న్యాయమూర్తు లేకగ్రీవముగా గోప్యత ప్రాథమికహక్కని నిర్ణయించి, మనుష్యుని గౌరవమే దానికి మూలమనిరి.

వికారాబాదను పేరు విన్నవెంటనే తెలుఁగుచెవికి "వికారము" స్ఫురించును. పైగావంశీయుఁడగు వికారుల్ ఉమ్రా పేర నీయూరు వెలసినది. అందలి "వకార్" అను నరబ్బీశబ్దమునకు గౌరవము, గాంభీర్యము నర్థములు. ఊరిపేరు విషయమున వలెనే గోప్యశబ్ద విషయమునను వాడుకలో వినఁబడు నర్థము వికారము, మూలార్థము గౌరవము.

ఇఁక వివరములను గ్రహించినవానిని ఏమనవలెను? 2023 నాఁటి డిజిటల్ వ్యక్తిగతసమాచార రక్షణచట్ట మట్టివానిని "డేటా ఫిడ్యూషియరీ" యని వ్యవహరించుచున్నది. దీనికిఁ గ్రొత్తపదము కల్పింపఁ బనిలేదు. ఈప్రాంతమునకు వాయవ్యమునఁ గల కల్యాణిలో, చాళుక్య విక్రమాదిత్యుని కాలమున, విజ్ఞానేశ్వరుఁడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర రచించెను; పదుమూఁడవ శతాబ్దమునఁ గేతన దానిఁ దెనిఁగించెను. ఆస్మృతిలో "ఉపనిధి" యను వ్యవహారమున్నది. లోపలిది యేమో చెప్పక మూసిన పాత్రతో నొకఁ డప్పగించిన ద్రవ్యమును దీసికొన్నవాఁ డట్లే తిరిగి యియ్యవలెను. తన యిచ్చవచ్చినట్లు దానిని వాడుకొని బ్రదికినవాఁడు దండ్యుఁడు. లాభముతోఁగూడ దానిని మరలింపవలసినవాఁడు. ఒకపనికై యిచ్చిన సమాచారమును వేఱొకపనికి వాడి లాభపడువానికి నింతకన్నఁ దగిన ధర్మము లేదు.

అయినను పోలిక సంపూర్ణము కాదు. దొంగలవలనఁ బోయిన యుపనిధికి స్మృతి తీసికొన్నవానిని బాధ్యునిఁ జేయలేదు. నేఁటి చట్టమో, తగిన కావలి పెట్టనివానికి 250 కోట్ల రూపాయల వఱకు దండనము విధించుచున్నది. మఱియు, పాత్ర తిరిగి యిచ్చినచో నిచ్చినట్లే. సమాచారమున కైతే ప్రతి మిగిలిపోవుచున్నది. అందుచేత నీచట్టము తిరిగి యిచ్చుటకు బదులు, పనితీఱిన పిమ్మటఁ జెఱిపివేయుటను విధించినది. అదే సాయంకాలమునఁ బసులను బెరఁడునకుఁ జేర్చుట.

ఇచ్చట నొక యపాయమును గలదు. గోప్యశబ్దమును రహస్యశబ్దముతోఁ గలపివేసినచో బీదవానికై పుట్టిన కవచము నధికారి తొడిగికొనును. 2023 చట్టముయొక్క 44వ విభాగము 2005 నాఁటి సమాచారహక్కు చట్టమును సవరించి, వ్యక్తిగతసమాచార మను పేరఁ బ్రజాప్రయోజన వివరములను నిరాకరింపకుండఁ జేయు పూర్వపు నిబంధనను దొలఁగించినది. ఈసవరణ 2025 నవంబరున నమలులోనికి వచ్చెను. ప్రజాప్రయోజనమునకై బయలుపఱచు నధికార మాచట్టముననే వేఱొకచోట నున్నదని సమర్థకులందురు. అది నిజమే, కాని యడుగువాని హక్కుగా నున్నది యిచ్చువాని వివేచనకు లోఁబడుట స్వల్పభేదము కాదు. వ్యక్తి చేతిది గోప్యము, కార్యాలయము చేతిది రహస్యము. మొదటిదానిఁ గాచుట ధర్మము; రెండవదానికిఁ గారణము చూపుట ధర్మము. ఈరెండింటికి నొకేపదము వాడుట శబ్దదోషము మాత్రమే కాదు, వ్యవహారదోషమును.

వివరములు గ్రహించుటకు ముందు చూపు ప్రకటన యాంగ్లముననో, రాజ్యాంగముయొక్క యెనిమిదవ షెడ్యూలునందలి భాషలలో దేనియందో చదువుకొను నవకాశము ప్రజలకుఁ గల్పింపవలెనని యాచట్టమే విధించినది. తెలుఁగందులోనిది. 2025 నవంబరునఁ బ్రకటింపఁబడిన నియమముల ప్రకారము ముఖ్యవిధులు పదునెనిమిది నెలలకు నమలులోనికి రావలసియున్నవి. తాండూరు కందిరైతు నప్పుకై ఫోనులో "అంగీకరించుచున్నాను" అని నొక్కునపు డాతనికిఁ గనఁబడువాక్య మేభాషలో, నేపదములతో నుండవలె ననుట నేఁటి తెలుఁగుపండితుల ముందున్న పని. "మీగోప్యతావిధానము" అని కఠినసమాసములు పేర్చిన నాతఁడు చదువఁడు. "మీరిచ్చినది మాయొద్ద నుపనిధి, ఈపనికే వాడుదుము, పనితీఱఁగనే చెఱిపివేయుదుము, వలదన్నఁ జెప్పుఁడు" అనినఁ జదువును, అర్థము చేసికొనును, తప్పినచో నిలదీయును. పాఠశాలలయందు గుప్ ధాతువును బోధించునపుడు "దాఁచుట" యనుటకు ముందు "కాచుట" యని చెప్పుటతో నీకార్య మారంభింపవచ్చును.