ర్యాక్ ముందు ఒక పనివాడు

మా ఆఫీసులో మేనేజ్డ్ స్విచ్ బిగించడానికి వచ్చిన నెట్‌వర్క్ అబ్బాయి మొదటి పూట పెట్టె విప్పనే లేదు. కాగితం, పెన్సిలు పట్టుకుని గదిగదీ తిరిగాడు. కంప్యూటర్లెన్ని, ఫోన్లెన్ని, కెమెరాలెన్ని అని రాసుకున్నాడు. ర్యాక్ నుంచి చివరి బల్ల దాకా కేబుల్ 100 మీటర్లు దాటకూడదని మలుపులతో సహా టేపు పెట్టి కొలిచాడు. పునాదికి ముగ్గుపోసే మేస్త్రీ గుర్తొచ్చాడు నాకు.

తర్వాత కరెంటు లెక్క. నెట్‌వర్క్ తీగలోంచే కరెంటు పంపే పీఓఈ మొదటి ప్రమాణంలో ఒక్కో పోర్టు 15.4 వాట్ల దాకా ఇస్తుంది. అలాంటివి 24 నిండితే దాదాపు 370 వాట్లు. స్విచ్ అంత మోయగలదో లేదో పెట్టె విప్పకముందే తేల్చాడు.

నన్ను కట్టిపడేసింది మాత్రం వీల్యాన్ పని. పెట్టె ఒక్కటే, అకౌంట్స్‌కో దారి, కెమెరాలకో దారి, అతిథుల వైఫైకో దారి. ఈ దారులన్నీ కలిసి సాగే ట్రంక్ పోర్టు మీద వెళ్లే ఫ్రేములో, అంటే డేటా పొట్లంలో, 4 బైట్ల చీటీ, అందులో దారి నంబరు. ఎంత పొదుపైన ఆలోచన!

ఎవరైనా పొరపాటున ఒకే తీగ రెండు కొసలనూ రెండు పోర్టుల్లో గుచ్చితే ఆఫీసంతా ఆగిపోవచ్చు. 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ ఆ వలయాన్ని పసిగట్టి ఒక పోర్టును మూసేస్తుంది. అతను దాన్ని ఆన్ చేసి ఊరుకోలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక నిజంగానే వలయం కట్టి చూశాడు.

ప్రతి తీగకూ రెండు కొసలా లేబుల్ అంటించాడు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్పించి, కాన్ఫిగరేషన్ నకలు మా చేతికిచ్చాడు. ర్యాక్ తలుపు వేయబోతూ ఒక కేబుల్ వంపు మరీ బిగుతుగా ఉందని మళ్లీ విప్పి, వదులుగా కట్టాడు.