పరీక్షాపత్రంలో భాషావాదం: గురజాడ ‘అసమ్మతి పత్రం’ పునఃపరిశీలన

వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రలు ప్రధానంగా కావ్యభాషకూ వాడుకభాషకూ నడుమ సాగిన శైలీవివాదంగా చిత్రించాయి. ఈ చిత్రణ అసత్యం కాదు, అసంపూర్ణం. వివాదం తీవ్రరూపం దాల్చింది పరీక్షల నిబంధనల చుట్టూ. స్కూలు ఫైనలు విద్యార్థి ఏ భాషలో వ్యాసం రాస్తే ఉత్తీర్ణుడు కాగలడన్నది నాటి తక్షణ ప్రశ్న.

1912–13 ప్రాంతంలో ఆ వ్యాసాన్ని ప్రాచీన శైలిలో గాని ఆధునిక శైలిలో గాని రాయవచ్చన్న వెసులుబాటు లభించింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులు ప్రభృతులు దాన్ని ప్రతిఘటించారు. అనతికాలంలోనే అది రద్దయింది. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపసంఘ సభ్యుడిగా గురజాడ 1914లో ఇంగ్లీషులో సమర్పించిన అసమ్మతి పత్రం ఈ ఘర్షణలో పుట్టినదే.

ఈ పత్రాన్ని మూల్యాంకన విమర్శగా చదివితే దాని బలం మరింత స్పష్టమవుతుంది. వ్యాసరచన పరీక్ష కొలవవలసింది ఆలోచనను క్రమబద్ధంగా వ్యక్తం చేసే శక్తిని. గ్రాంథికం తప్పనిసరి అయినప్పుడు అది కొలిచేది వాడుకలో లేని రూపాలను జ్ఞప్తికి తెచ్చుకొనే శక్తిని. గ్రాంథికవాదుల రచనల్లోని వ్యాకరణ స్ఖాలిత్యాలను గిడుగు ఎత్తిచూపడంలోని అంతరార్థమూ ఇదే: పరీక్షకుడికే వశం కాని ప్రమాణంతో పిల్లవాణ్ణి అనుత్తీర్ణుణ్ణి చేయడం న్యాయం కాదు.

అయితే ఈ వాదానికి ఒక పరిమితి ఉంది. వ్యావహారికవాదులు ప్రమాణంగా చూపింది శిష్టుల వాడుకను. ఎవరు శిష్టులు, ఏ ప్రాంతపు వాడుక ప్రమాణం అన్న ప్రశ్నలు అక్కడ పూర్తిగా తేలలేదు. ప్రాంతాలన్నింటికీ నిలకడగల ఉమ్మడి లిఖితరూపం అవసరమన్న గ్రాంథికవాదుల ఆందోళనలోనూ కొంత సబబు ఉంది. కాని ఉమ్మడి రూపాన్ని బోధించడం వేరు, ఇంటిభాషను దోషంగా లెక్కించడం వేరు.

ఈ భేదం నేటికీ పరీక్షల్లో స్థిరపడలేదు. 2018లో తెలంగాణ చట్టం పదో తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేసింది. ఒక భాషను తప్పనిసరి చేయడం సులభం. అందులో ప్రావీణ్యమంటే ఏమిటో నిర్వచించడం కష్టం. పదో తరగతి ప్రశ్నపత్రాల్లో ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ వంటి విభాగాలు చేరడం గురజాడ ఆశయానికి చేరువైన పరిణామమే. కాని గైడులోని సమాధానాన్ని కంఠస్థం చేసి అప్పజెప్పిన విద్యార్థికి పూర్తి మార్కులు వచ్చి, తన మాటల్లో రాసిన విద్యార్థి వాక్యంలో మాండలిక రూపం కింద ఎర్రగీత పడితే, శీర్షిక మారినా కొలమానం మారలేదని అర్థం.

కనుక భావం, వాక్యనిర్మాణం, వర్ణక్రమం అనే అంశాలకు వేర్వేరుగా మార్కులు కేటాయించి, మాండలిక రూపాన్ని వర్ణక్రమ దోషంతో కలపకుండా చూడాలని మూల్యాంకన సూత్రావళి స్పష్టంగా నిర్దేశించాలి. ఆ సూత్రావళిని రూపొందించే బాధ్యతలో తెలుగు శాఖలకూ భాగం ఉంది. అసమ్మతి పత్రాన్ని పాఠ్యాంశంగా బోధిస్తూ, దాని ప్రశ్నను మన జవాబుపత్రాల దిద్దుబాటుకు అన్వయించకపోవడం ఆ పత్రాన్ని సగమే చదవడం.