ముప్పై ఆరేళ్లకు ఉగ్గుగిన్నె

ఈ శీర్షిక ఐదు వారాలు రాకపోవడానికి కారణం నా దవడలు. రెండూ కోయించుకున్నాను. నోరు గట్టిగా మూసినా నా ముందు పళ్లు ఒకదాన్నొకటి తాకేవి కావు, మధ్యలో వేలు దూరేంత సందు. పెసరట్టయినా జామకాయయినా ముందు పళ్లతో కొరికిన జ్ఞాపకం లేదు. పక్కకు తోసుకుని నమలడమే. పద్నాలుగు నెలలు క్లిప్పులు కట్టి పళ్ల వరస సరిచేశాక, ఇప్పుడు ఎముకలు జరిపారు. "ముఖం మార్పించుకుందట" అని చుట్టాల్లో ఒక మాట తిరుగుతోంది. తిరగనివ్వండి.

పై దవడను కోసే గీతకు లెఫోర్ అనే ఫ్రెంచి వైద్యుడి పేరుంది. ఆయన శవాల తలలను బాది చూసి, ముఖంలో ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో 1901లో రాసిపెట్టాడు. విరిగే దారి తెలిస్తే కోసే దారీ దొరికినట్టే కదా. కింది దవడను నోటి లోపలి నుంచే నిలువునా రెండు పొరలుగా చీల్చి జరిపే పద్ధతి 1950ల్లో ఒబ్‌వెగెసర్ అనే వైద్యుడు తెచ్చింది. అందుకే బయట మచ్చ లేదు. జరిపిన ఎముకను టైటానియం పలకలు, స్క్రూలు పట్టుకుని ఉంటాయి. ఈ ఘనకార్యమంతా నేను మత్తులో ఉండగానే అయిపోయింది. ఇంటికొచ్చాక కడుపు ఎలా నింపాలన్నదానికి మాత్రం ఆసుపత్రి కాగితంలో ఉన్నది ఒకటే ముక్క: లిక్విడ్ డైట్.

ఆ ముక్కను వంటగా మార్చింది మా అత్తయ్య.

మూడో రోజుకి నా ముఖం బూరెలా పొంగింది. పై పళ్లకూ కింది పళ్లకూ కలిపి రబ్బర్లు బిగించి ఉన్నాయి. వాంతి వస్తే వెంటనే కత్తిరించడానికి చిన్న కత్తెర దిండు పక్కనే ఉండాలి. పడుకోవడం కూడా మూడు దిళ్లకు ఆనుకుని సగం కూర్చునే. చెంప లాగి, చివరి పంటి వెనకున్న సందులో సిరంజికి తగిలించిన రబ్బరు గొట్టం పెట్టి కొద్దికొద్దిగా నొక్కాలి. ఒక గ్లాసు రాగి జావకు ముప్పావుగంట పట్టేది. మొదట్లో అది గొట్టంలోనే ఆగిపోయింది. పల్చన చేస్తే నీళ్లు తాగినట్టే, గంటకే ఆకలి. అత్తయ్య నాలుగుసార్లు కాచి చూసి ఒక కొలత పట్టారు. గరిట వెనక అంటిన జావ మీద వేలితో గీత గీస్తే, ఆ గీత నిలవకూడదు, అలాగని కనపడకుండానూ పోకూడదు. మెల్లగా మూసుకుపోవాలి. మామగారి తండ్రికి పక్షవాతం వచ్చిన ఏడాదంతా జావ పట్టింది ఆవిడేనని నాకు అప్పుడే తెలిసింది. పన్నెండేళ్ల కాపురంలో ఆ సంగతి అడిగే సందర్భం రాలేదు.

ఇంకో చిక్కుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం కింది దవడ లోపలి నుంచే వెళ్తుంది. ఆపరేషన్‌లో అది నలుగుతుంది. కొందరికి వారాల్లో, కొందరికి నెలల్లో స్పర్శ తిరిగొస్తుంది, కొందరికి కొంత మొద్దుతనం అలాగే ఉండిపోతుంది. నాకైతే చారు వేడో చల్లనో పెదవికి తెలిసేది కాదు, గడ్డం మీద కారుతున్నా తెలిసేది కాదు. ఆవిడ ప్రతి గ్లాసూ ముందు తన ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూసేవారు. కారినప్పుడు నలుగురిలో అనకుండా తన గడ్డం తడుముకునేవారు. నేను నాది తుడుచుకునేదాన్ని.

పదో రోజుకి ముక్కు కాస్త తెరుచుకుంది. పై దవడ కోస్తే ముక్కు దిబ్బడ వేయడం మామూలే, చీదడానికీ లేదు. అన్నాళ్లూ వాసన తెలియని చారు వేడినీళ్లే. వాసన రాగానే నాకు తిరగమోత కావాలనిపించింది, పలక మీద రాసి చూపించాను. కట్టుచారులో ఆవాలు చిటపటలాడించి పోశారు. టీ జాలీలోంచి తప్పించుకున్న ఒకే ఒక్క ఆవగింజ వెళ్లి వెళ్లి క్లిప్పుకూ రబ్బరుకూ మధ్య, కుట్ల పక్కన కూర్చుంది. పసిపిల్లల బ్రష్‌తో అరగంట. చివరికి నేను ఏడ్చాను, ఆవిడా ఏడ్చారు, మా ఆయన టార్చి పట్టుకుని నిలబడ్డారు.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. కంది కట్టు మరిగాక నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయించి అందులో పోసి మూతపెట్టడం. ఐదు నిమిషాలు కదిలించకూడదు. తర్వాత మెత్తటి పాత పంచె ముక్కను రెండు మడతలు వేసి, అందులో వడకట్టడం. గుడ్డను పిండకూడదు. పిండితే పిప్పి దిగుతుంది. గింజ ఒక్కటీ రాలేదు, ఘుమఘుమ మొత్తం వచ్చింది. ఇంత మంచి చారు ఆ ఇంట్లో నేను మామూలు రోజుల్లో తాగలేదు.

అదే వారం బీరువా అడుగు నుంచి వెండి ఉగ్గుగిన్నె దిగింది. మా ఆయనకు ఉగ్గు పట్టినది, మూతి దగ్గర చిన్న సొట్ట. "సిరంజితో ఏం తంటాలు పడతావ్ అమ్మాయ్, ఇది వంచితే చాలు" అన్నారు. మరిగే నీళ్లలో వేసి తీసి తెచ్చారు. నిజమే, సిరంజి కంటే సుఖంగా ఉంది.

మాట సంగతి చెప్పాలి. పెదవులు సహకరించకపోతే ప, బ, మ ఏవీ పలకవు. అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి "ఒక్కసారి అమ్మా అనవే" అంటే నా నోట గాలి తప్ప ఏమీ రాలేదు. "అత్తయ్యా" అనడానికి పెదవులతో పనిలేదు, నాలుక చాలు. అది మాత్రం స్పష్టంగా వచ్చింది. ఫోన్లో అవతల కాసేపు నిశ్శబ్దం. "పర్లేదులే, చేస్తున్నది ఆవిడే కదా" అంది అమ్మ.

రెండో వారం మనసు బాగా కుంగింది. నొప్పి తగ్గుతూనే ఉంది, అయినా అద్దంలో కనపడేది నేను కాదు, ఎందుకు చేయించుకున్నానా అన్న బెంగ రాత్రిళ్లు పట్టుకునేది. అది చాలామందికి వస్తుందని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇవాళ్టికి 38 రోజులు. ఐదు కిలోలు తగ్గాను. గడ్డం మీద చీమలు పాకుతున్నట్టు ఉంది, నరం మేలుకుంటోందని డాక్టర్ సంతోషించారు. రబ్బర్లు వదులయ్యాయి. నోరు సాగడానికి ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టుకోమన్నారు. ఏడుతో మొదలై పన్నెండుకు వచ్చాను. మెత్తగా పిసికిన పెరుగన్నాన్ని నాలుకతో అంగిట్లో నొక్కి మింగుతున్నాను. నమలడానికి ఇంకా అనుమతి లేదు.

మీకు తెలిసినవాళ్లెవరైనా దవడ కోయించుకుని ఇంటికొస్తే చూడటానికి తప్పకుండా వెళ్లండి. జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు అడగొద్దు, మీరే కబుర్లు చెప్పండి. మరీ నవ్వించొద్దు, కుట్లు లాగుతాయి. యాపిల్ పళ్లూ మైసూర్‌పాకూ వద్దు. ఒక క్యారేజీ గిన్నెలో కట్టుచారు పట్టుకెళ్లండి. గుడ్డలో వడకట్టి.