పైపూ కీబోర్డూ: యూనిక్స్ షెల్ పద్ధతి

యూనిక్స్ షెల్‌లో రెండు కమాండ్ల మధ్య నిలువు గీత పెడితే మొదటిది రాసింది రెండోది చదువుతుంది. దీన్నే పైపు అంటారు. ప్రోగ్రాములను తోట గొట్టాల్లా ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే ఒక నోట్‌లో రాశారు. 1973లో అక్కడే పనిచేసిన కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో చేసి చూపించారు. అవతల ఉన్నది ఎవరో ఏ ప్రోగ్రాంకీ తెలియనక్కర్లేదు. పద్ధతి బలమంతా అక్కడే ఉంది.

ఆ బలం 1986లో అందరి కంటా పడింది. ఒక పాఠంలో ఎక్కువసార్లు వచ్చే పదాలను లెక్కగట్టే ప్రోగ్రాంను కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ పేజీల కొద్దీ రాసి ఒక పత్రికలో ప్రచురిస్తే, దాన్ని సమీక్షించిన మెక్‌ఇల్‌రాయ్ అదే పనిని ఆరు కమాండ్ల పైపుతో ముగించారు. అయితే అందులోని మొదటి కమాండ్ ఇంగ్లిష్ అక్షరాలు కానివన్నీ తీసిపారేస్తుంది. తెలుగు పాఠం ఇస్తే ఒక్క పదమూ మిగలదు. ఖాళీల దగ్గర విడగొట్టమని మార్చుకుంటే మిగతాదంతా చక్కగా నడుస్తుంది. లెక్కల్లోనూ కాస్త జాగ్రత్త అవసరం: ‘తెలుగు’ అన్న మాట కంటికి మూడక్షరాలే, యూనికోడ్‌లో మాత్రం 6 సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు.

పెద్ద ఫైళ్ల విషయంలో పైపు చేసే మేలు ఇంకోటి ఉంది. లైనక్స్‌లో పైపు మామూలుగా 64 కిలోబైట్లే పడుతుంది. అది నిండితే రాసే ప్రోగ్రాంను సిస్టంను నడిపే కెర్నల్ నిద్రపుచ్చుతుంది, ఖాళీ అయితే చదివే దాన్ని ఆపుతుంది. అందువల్ల పదుల గిగాబైట్ల లాగ్ ఫైలు కూడా కొద్దిపాటి మెమరీతోనే సాగిపోతుంది. వరుసలను క్రమంలో పెట్టే సార్ట్ లాంటివి వేరు. మొత్తం చదివితే తప్ప మొదటి వరుస కూడా చెప్పలేవు కాబట్టి తాత్కాలిక ఫైళ్లు వాడుకుంటాయి. మరో చిక్కు ఏమిటంటే, పైపులో చివరి కమాండ్ గెలిస్తే చాలు, మధ్యలో ఏది విఫలమైనా షెల్ అంతా బాగుందనే చెబుతుంది. బాష్ అనే షెల్‌లో ‘పైప్‌ఫెయిల్’ పెట్టుకోకపోతే ఇది కొంప ముంచుతుంది.

ఒకే డేటా ఇద్దరికి కావాలన్నా, మధ్యలోంచి చదవాలన్నా పైపు ఒక్కటే చాలదు. అప్పుడు ఫైలు పేరు అందించడం మేలు. చదివేవాళ్ల చేతికి సగం రాసిన ఫైలు చిక్కకూడదు. అందుకే వేరే పేరుతో పూర్తిగా రాసి, చివర్లో అసలు పేరుకు మారుస్తారు. ఒకే డిస్కు విభాగంలో ఈ పేరు మార్పు ఒక్క అడుగులో జరుగుతుంది: పాత ఫైలైనా కనిపిస్తుంది, కొత్తదైనా కనిపిస్తుంది. ఒకే ఫైలును ఎన్ని ప్రోగ్రాములు చదువుతున్నా కెర్నల్ మెమరీలో ఒక్క నకలే ఉంచుకుంటుంది కనుక ఇందులో వృథా కూడా తక్కువే.

యూనిక్స్ దృష్టిలో కీబోర్డూ ఫైలే. కాకపోతే మధ్యలో టెర్మినల్ ఉంటుంది. ఎంటర్ నొక్కేదాకా అది వరుసను తన దగ్గరే ఉంచుకుంటుంది. బ్యాక్‌స్పేస్ పనిచేసేదీ అందుకే. షెల్‌లో ఈ వరుసను ‘రీడ్’ కమాండ్ అందుకుంటుంది. దానికి ‘ఆర్’ గుర్తు తగిలించకపోతే బ్యాక్‌స్లాష్‌లు మాయమవుతాయి. పాస్‌వర్డ్ కనబడకుండా ‘ఎస్’, ఒక్క మీటతో సరిపెట్టాలంటే ‘ఎన్’ ఉన్నాయి. ఈ చివరి రెండూ బాష్ సదుపాయాలు. డెబియన్, ఉబుంటులలో మామూలు ‘ఎస్‌హెచ్’ పేరుతో నడిచే డ్యాష్ అనే షెల్‌లో దొరకవు. అక్కడ ‘ఎస్‌టీటీవై’తో టెర్మినల్ తీరునే మార్చాలి. మార్చాక కంట్రోల్-సీ కొట్టినా పాత తీరు తిరిగొచ్చేలా ‘ట్రాప్’ రాసి తీరాలి. లేకపోతే ఆ తర్వాత టైపు చేసేదేదీ తెరపై కనబడదు.

పైపూ కీబోర్డూ ఒకే ఇన్‌పుట్ ద్వారం కోసం పోటీపడినప్పుడే అసలు చిక్కు. ఫైలును వరుస వరుసగా చదివే లూప్‌లో, వేరే కంప్యూటర్‌పై కమాండ్లు నడిపే ఎస్‌ఎస్‌హెచ్ పెడితే అది మిగతా వరుసలన్నీ తానే తాగేస్తుంది, లూప్ ఒక్క చుట్టుతో ఆగిపోతుంది. దాని ఇన్‌పుట్‌ను ఎప్పుడూ ఖాళీగా ఉండే డెవ్ నల్‌కు మళ్లిస్తే సరి. మనిషినే అడగాలంటే టెర్మినల్‌ను సూచించే డెవ్ టీటీవై అనే ఫైలును తెరవాలి. పాఠాన్ని పైపులోంచి తీసుకుంటూనే మీటలను వినే ‘లెస్’ చేసేది ఇదే. నిర్ణీత వేళలకు పనులు మొదలుపెట్టే క్రాన్ నడిపే స్క్రిప్టుకు ఆ ఫైలు కూడా తెరుచుకోదు. కాబట్టి కావలసినవన్నీ కమాండ్ వరుసలోనే తీసుకుని, ఎదురుగా టెర్మినల్ ఉంటేనే ప్రశ్న అడిగేలా స్క్రిప్టు రాయడం మంచిది.