డార్విన్‌లో రెండు గంటలకి

సిడ్నీలో మధ్యాహ్నం రెండున్నరకి రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఆస్ట్రేలియా వడ్డీ నిర్ణయం వెలువడుతుంది. డార్విన్‌లో అప్పుడు రెండు గంటలు. సిడ్నీవాళ్లు గడియారాలు ముందుకు జరుపుకునే నెలల్లో ఒంటిగంటే. ఇక్కడి గడియారం ఏడాదంతా కదలదు. కదిలేది హోమ్ లోన్ బ్రోకర్ ఫోను.

వడ్డీ అంటే మనకి నూటికి రెండు రూపాయలు, అదీ నెలకి. ఏడాదికి 24 శాతం. ఆ లెక్కల్లో పెరిగినవాడికి ఇక్కడి 6 శాతం చవగ్గా కనిపిస్తుంది. బ్రోకర్ పనితనం తెలిసేది అక్కడే. 5 లక్షల డాలర్ల అప్పు, 30 ఏళ్లు, 6 శాతం: నెల వాయిదా దాదాపు 3,000. పక్కనే 9 శాతానికి వేసి చూపిస్తాడు: 4,000 పైమాటే. బెదిరించడానికి కాదు. అసలు రేటుకి ఇంకో 3 శాతం కలిపినా కట్టగలడా చూడమని బ్యాంకులకి నియంత్రణ సంస్థ ఏప్రా 2021 అక్టోబరులో చెప్పింది. అతిజాగ్రత్త అనుకున్నారు కొందరు. 2022 మే నుంచి 2023 నవంబరు లోపు రిజర్వ్ బ్యాంక్ రేటు 13 సార్లు పెరిగి, 0.10 నుంచి 4.35కి చేరింది. ఆ మూడూ చాల్లేదు!

ఫిక్స్‌డ్ రేటు సంగతి వేరు. అది బాండ్ మార్కెట్ అంచనాల వెంట నడుస్తుంది కాబట్టి, నిర్ణయం రాకముందే మారిపోతుంది. ఈ ముక్క ఓపిగ్గా విడమరిచి చెప్పే బ్రోకర్లంటే నాకు గౌరవం.

కమీషన్ ఇచ్చేది అప్పిచ్చే సంస్థే. అయినా 2021 జనవరి నుంచి చట్టప్రకారం ఖాతాదారు మేలే ముందు. “ఇప్పుడొద్దన్నా, ఆర్నెల్లు ఆగండి” అన్న మాటకి మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు.